హిందీ దెయ్యం ప్రేమకథకు జనం టాక్ పట్టడం ఎలా

యాక్షన్ సినిమాకు టాక్ చెప్పడం తేలిక. ఈలలు పడితే ఆడుతున్నట్టు, జనం ఫోన్లు తీస్తే ఆడనట్టు. దెయ్యమో బేతాళుడో ప్రేమలో పడే సినిమాకు ఆ లెక్క కుదరదు. ఒకే పావుగంటలో హాలంతా కెవ్వుమంటుంది, పగలబడి నవ్వుతుంది, వెంటనే ఆ జంట మీద మనసు పారేసుకోవాలని దర్శకుడు అడుగుతాడు. మొదటి రెండూ చప్పుడు చేస్తాయి కాబట్టి అందరి చెవినా పడతాయి. మూడోది చప్పుడు చెయ్యదు. కానీ సినిమా రెండో వారం నిలబడేది ఎక్కువగా ఆ మూడోదాని మీదే. అందుకే ఈ రకం సినిమాకు టాక్ పట్టేవాళ్లు అరుపులు లెక్కపెట్టడం కంటే ప్రేమ సన్నివేశంలో హాలు ఎలా ఉందో చూడటం నేర్చుకోవాలి.

సినిమా మీద రాసేవాళ్లకు, వీడియోలు చేసేవాళ్లకు, డబ్బింగ్ హక్కులు కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇది. ఉదాహరణలకు ఈ మధ్య హిందీలో బాగా నలిగిన స్త్రీ, ముంజ్యా, స్త్రీ 2, థామా సినిమాలనే ఎక్కువగా తీసుకున్నాం.

ఏ షో, ఏ సీటు

ఒక్క షో చూసి టాక్ చెప్పకూడదు. కనీసం మూడు చూడాలి: శుక్రవారం సాయంత్రం ఫస్ట్ షో, ఆదివారం మ్యాట్నీ, ఆ వారాంతం తర్వాత సెలవు లేని మొదటి పనిరోజు సాయంత్రం. శుక్రవారం పొద్దున ఆటకు వచ్చేవాళ్లలో అభిమానులు, రివ్యూలు రాసేవాళ్లు, కాలేజీ ఎగ్గొట్టిన పిల్లలే ఎక్కువ. దెయ్యం సినిమాకు వీళ్లు అరవడానికే వస్తారు, కాబట్టి ఆ ఆట లెక్కలోకి రాదు. శుక్రవారం సాయంత్రానికి జంటలు వస్తాయి. ఆదివారం మ్యాట్నీకి పిల్లలతో కుటుంబాలు వస్తాయి. పనిరోజు సాయంత్రం వచ్చేవాళ్లు ఎవరో చెబితే విని వచ్చినవాళ్లు, వాళ్ల స్పందనే అన్నిటికంటే నమ్మదగింది. వీలైతే మూడింటిలో ఒకటి సింగిల్ స్క్రీన్‌లో చూడండి. మల్టీప్లెక్స్‌లో నోరు మూసుకుని కూర్చున్న సీన్‌కే సింగిల్ స్క్రీన్‌లో కామెంట్లు పడుతుంటాయి.

సీటు వెనక నుంచి మూడో నాలుగో వరుసలో, నడవ పక్కన తీసుకోండి. అక్కడి నుంచి ముందున్న తలలు, వెలిగే ఫోన్లు, లేచి వెళ్లేవాళ్లు అందరూ కనిపిస్తారు. మరీ చివరి వరుస వద్దు. వెనక గోడకు తగిలి వచ్చే శబ్దంలో నవ్వు ఏ మూల మొదలైందో తెలియదు.

ఫోన్‌తో హాల్లో వీడియో గానీ ఆడియో గానీ తియ్యకండి. తెరకేసి పెట్టకపోయినా సరే. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం హాల్లో దొంగచాటుగా సినిమా రికార్డు చేస్తే 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 3 లక్షల నుంచి నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పడొచ్చు. మీ ఉద్దేశం వేరని సిబ్బందికి నచ్చజెప్పేసరికి సినిమా అయిపోతుంది. పెన్ను, నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం, చేతి గడియారం చాలు. చీకట్లో చూడకుండా రాయాలి కాబట్టి అక్షరాలు పెద్దవిగా, ఒక్కో మడత మీద నాలుగైదు వరుసలే రాయండి.

గడియారం చూడటం మొదలుపెట్టాల్సింది తెర మీద సెన్సార్ సర్టిఫికెట్ పడ్డప్పుడు. అంతకు ముందు నడిచే ప్రకటనలు, ట్రైలర్ల నిడివి హాలుకో రకంగా ఉంటుంది. టికెట్ మీది టైముతో లెక్కేస్తే మూడు షోల నోట్సు ఒకదానితో ఒకటి కలవవు. సినిమా నిడివి కూడా ఆ సర్టిఫికెట్ మీదే ఉంటుంది, చూసి రాసుకోండి. ఇంటర్వెల్ తర్వాత పొగాకు హెచ్చరిక ప్రకటన రాగానే గడియారం మళ్లీ చూసుకోండి.

కాగితం మీద ఏం రాయాలి

వాక్యాలు రాసే తీరిక ఉండదు. గుర్తులు పెట్టుకోండి. నవ్వుకు న, భయపడి అరిస్తే భ, ఈలకు ఈ, ఫోన్ వెలుగుకు ఫో, లేచి వెళ్లినవాళ్లకు లే, నిశ్శబ్దానికి ఒక అడ్డగీత. పక్కన నిమిషం. ఉదాహరణకు ఒక మడత ఇలా ఉండొచ్చు:

41 – భ, వెంటనే న2
46 – పాట, ఫో 11, లే 7
52 – ప్రేమ, అడ్డగీత
53 – న3, ఎడమ మూల
58 – గుసగుస, "ఉస్‌నే మారా క్యూఁ నహీఁ?"

ఈ అయిదు వరుసల్లో అన్నిటికంటే విలువైనవి చివరి రెండూ. ఎందుకో కింద చెబుతాం.

నవ్వు పక్కన అంకె వెయ్యడం మరిచిపోకండి. ఈ రకం సినిమాలో నవ్వు మూడు రకాలు. 1 అంటే జోకుకు పడ్డ నవ్వు. హాలంతా ఒకేసారి మొదలై ఒకేసారి ఆగుతుంది. 2 అంటే భయం దిగిన నవ్వు. అరుపు తర్వాత ఒకటి రెండు సెకన్లకు వస్తుంది, పక్కవాడి భుజం మీద చరుపు, "అరే యార్" అన్న మాట దానికి తోడవుతాయి. అది వస్తే భయపెట్టే సీన్ పనిచేసినట్టే. చాలామంది దాన్ని "జనం నవ్వారు, భయం పండలేదు" అని రాస్తారు, అది తప్పు. 3 అంటే వెటకారం నవ్వు. డైలాగ్ పూర్తికాకముందే ఏదో ఒక మూల నుంచి మొదలవుతుంది, మిగతావాళ్లకు అంటుకుంటుంది. నటుడు సీరియస్‌గా ఉన్నచోటే వస్తుంది.

ప్రేమ సన్నివేశంలో న3 ఒక్కసారి పడితే ఊరుకోవచ్చు, ఎవరో ఒక ఆకతాయి ఉంటాడు. రెండోసారి అదే జంట సీన్‌లో, వేరే మూల నుంచి పడితే ఆ ప్రేమకథ ఆ హాల్లో చచ్చిపోయినట్టే. తర్వాత క్లైమాక్స్‌లో ఎంత బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ పోసినా జనం వెనక్కి రారు. మరో షోలో అదే నిమిషం దగ్గర అదే నవ్వు వస్తే తప్పు జనంలో లేదు, సినిమాలో ఉంది.

నిశ్శబ్దంలోనూ తేడా ఉంది. లీనమైన నిశ్శబ్దంలో పాప్‌కార్న్ సంచి చప్పుడు కూడా ఆగుతుంది. విసుగు నిశ్శబ్దంలో సంచులు గలగలమంటాయి, దగ్గులు వినిపిస్తాయి, కుర్చీలు కిర్రుమంటాయి, ఫోన్లు వెలుగుతాయి. రెండు వందల మంది ఉన్న హాల్లో మూడు నిమిషాల ప్రేమ సన్నివేశానికి నాలుగైదు ఫోన్లు వెలిగితే పట్టించుకోనక్కర్లేదు. పదిహేను దాటితే జంట మీద జనానికి పట్టు లేదని రాసుకోవచ్చు.

ఇక 58వ నిమిషం గుసగుస, అంటే "ఎందుకు చంపలేదు?" అన్న ప్రశ్న. మనిషికీ మనిషి కానిదానికీ మధ్య ప్రేమ అనగానే కథకు కొన్ని నియమాలు కావాలి. అది వెలుతురులోకి రాగలదా, మనిషి ముట్టుకుంటే ఏమవుతుంది, ప్రేమిస్తే ఏం పోగొట్టుకుంటుంది? ఈ నియమాలు మొదటి గంటలో సూటిగా చెప్పకపోతే జనం పక్కవాళ్లను అడుగుతారు. ఈ రకం సినిమాలు సెకండాఫ్‌లో పడిపోవడానికి మేం చూసినంతలో పెద్ద కారణం ఇదే. బయటికొచ్చాక మాత్రం ఎవరూ "నియమాలు అర్థం కాలేదు" అనరు. "సెకండ్ హాఫ్ స్లో హై" అంటారు. నిడివి ఎక్కువైందని మీరు రాసేస్తారు. అసలు గొడవ నిడివిలో లేదని చెప్పే సాక్ష్యం మీ కాగితం మీది ఆ గుసగుసే. అందుకే మాట వినిపిస్తే ఉన్నదున్నట్టు రాసుకోండి.

ఈలల్లో ఎవరి వాటా ఎంత

ఇప్పటి హిందీ హారర్ కామెడీల్లో ఒక సినిమా పాత్రలు ఇంకో సినిమాలోకి వస్తుంటాయి. 2025 దీపావళికి వచ్చిన థామాలో వరుణ్ ధావన్ తోడేలు పాత్ర దిగి కొట్లాడుతుంది. అక్కడ పడే ఈలలు 2022 నాటి భేడియా ఖాతాలోవి. ఆయుష్మాన్ ఖురానా, రష్మిక మందన్న జంటకు పడ్డవి కావు. ఐటమ్ పాట ఈలలకూ ఇదే సూత్రం. అతిథి పాత్ర, పాట, పాత సినిమా ప్రస్తావన, ఈ మూడింటికీ పడ్డ ఈలలు ఒక పక్కన, అసలు జంటకు పడ్డవి ఇంకో పక్కన వెయ్యండి. రెండో పక్క దాదాపు ఖాళీగా ఉంటే హాలు దద్దరిల్లినా ఆ సినిమా ప్రేమకథగా నిలవలేదు.

తెలుగు హాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. రష్మిక తెర మీదికి రాగానే పడే ఈల ఆమె తెలుగు సినిమాలకు పడ్డది. ఆమె పాత్ర బేతాళ జాతిదని తెలిసినచోట హాలు ఏం చేసిందో అది రాసుకోవాలి. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగిన తరానికి భుజమ్మీది శవంలోంచి కథలు చెప్పే బేతాళుడు తెలుసు. ప్రేమలో పడే బేతాళ స్త్రీ కొత్త. ఆ తరం వాళ్లు "ఇదేం బేతాళుడు" అంటే సినిమాను తిట్టినట్టు కాదు, తమకు తెలిసిన కథతో పోల్చి చూసుకుంటున్నారు. కుర్రాళ్ల స్పందనతో దాన్ని కలపకండి.

ఇలాంటిదే స్త్రీ విషయంలోనూ ఉంది. 2018 ఆగస్టు 31న వచ్చిన ఆ సినిమా కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని చందేరీలో. దెయ్యం లోపలికి రాకుండా ఊరి గోడల మీద రాత రాస్తారు. మన ఊళ్లలో ఒకప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసిన సంగతి తెలిసినవాళ్లకు ఆ రాత కనిపించగానే భయం కంటే ముందు గుర్తుపట్టిన నవ్వు వస్తుంది. దాన్ని న1గా వేస్తే లెక్క తప్పుతుంది. వేరే గుర్తు పెట్టుకోండి. 2024 జూన్ 7న వచ్చిన ముంజ్యాకు ఇలాంటి గుర్తింపు కొంకణ్‌లో, మొత్తంగా మహారాష్ట్రలో దొరికింది. అక్కడి జానపద నమ్మకమే దాని కథ. కాబట్టి జానపదం మీద కట్టిన సినిమాకు ఏ ప్రాంతం హాల్లో చూశారో రాయకుండా టాక్ రాయడం సగం చెప్పినట్టే.

బయటికొచ్చేవాళ్లను అడగడం

ముందు మేనేజర్‌ను అడిగి అనుమతి తీసుకోండి. హాలు తలుపు దగ్గర వద్దు, అక్కడ తోపులాట. మెట్లకూ లిఫ్టుకూ ముందున్న ఖాళీలో నిలబడండి. పార్కింగ్‌కు చేరేసరికి జనం పక్కవాళ్ల అభిప్రాయం వినేసి ఉంటారు, కాబట్టి మొదటి మూడు నిమిషాల్లోనే పట్టుకోవాలి. టైటిల్స్ తర్వాత కొసరు సీన్ ఉంటే అది చూడకుండా వచ్చినవాళ్లను, చూసి వచ్చినవాళ్లను విడిగా లెక్కపెట్టండి. ఆగి చూసినవాళ్లు ఎటూ సినిమాను ఇష్టపడ్డవాళ్లే.

మైకు, కెమెరా ఉంటే సమాధానం మారిపోతుంది. కెమెరా ముందు జనం రెచ్చిపోయి "బ్లాక్‌బస్టర్" అంటారు, లేదంటే తిట్టి వైరల్ అవ్వాలని చూస్తారు. కాగితం పట్టుకుని అడిగితే మామూలుగా మాట్లాడతారు.

"ఫిల్మ్ కైసీ లగీ?" అన్న ప్రశ్న ఒక్కదానితో ఏమీ తేలదు. "అచ్ఛీ హై", "టైమ్‌పాస్", "వన్ టైమ్ వాచ్" అని మూడే జవాబులు వస్తాయి. వాటిలో టైమ్‌పాస్ అన్నది నచ్చినట్టు లెక్క, వన్ టైమ్ వాచ్ అన్నది మర్యాదగా నచ్చలేదన్నట్టు లెక్క. ఈ నాలుగు అడగండి:

కథ రెండు ముక్కల్లో చెప్పమనండి. జంట గురించి మొదలుపెట్టారా, దెయ్యం గురించా, కామెడీ గురించా అన్నది రాసుకోండి. సినిమా ఏ రకంగా తలకెక్కిందో అక్కడే తెలిసిపోతుంది.

ఎవరికి చెబుతారు అని అడగండి. "మమ్మీ కో దిఖాఊంగీ" (అమ్మకు చూపిస్తా) అన్న జవాబు పది నక్షత్రాల కంటే ఎక్కువ. స్నేహితులకు మాత్రమే అంటే కుటుంబాలు రావని అర్థం.

ఎక్కడ ఫోన్ చూశారు అని అడగండి. ఎక్కడ బోర్ కొట్టింది అంటే మొహమాటపడతారు, ఫోన్ సంగతి దాచరు. మీ కాగితం మీది నిమిషాలతో ఈ జవాబు కలిసిందేమో చూడండి.

నాలుగోది సినిమాను బట్టి. చివర్లో ఆమె, లేదా అతను, చేసిన పని సరైందేనా? 2005 నాటి పహేలీలో భర్త రూపంలో వచ్చిన భూతం తానెవరో చెప్పేస్తుంది, తెలిసి కూడా ఆమె ఒప్పుకుంటుంది. అలాంటి మలుపు ఉన్న సినిమాకు పెద్దవాళ్లూ కుర్రవాళ్లూ చెరోవైపు చీలతారు. అందరి జవాబులూ కలిపి సగటు తీస్తే ఆ చీలిక మాయమై "పర్వాలేదు" అని వస్తుంది. వయసు, ఆడా మగా, ఎవరితో వచ్చారు అన్న మూడు విషయాలు ప్రతి జవాబు పక్కనా రాయండి.

షోకు 30 మందికి తక్కువైతే శాతాలు వెయ్యకండి. 30 మందిని అడిగినా అటూ ఇటూ 18 శాతం దాకా తేడా ఉండొచ్చు, 100 మందైతే 10 శాతం. అదీ ఏ ఎంపికా లేకుండా పట్టుకుంటేనే. నవ్వు మొహంతో వచ్చేవాళ్ల దగ్గరికే కాళ్లు పోతాయి, అది ఆపడానికి ప్రతి అయిదో మనిషిని అడగాలని నియమం పెట్టుకోండి.

ఆన్‌లైన్ టాక్

బుక్‌మైషో రేటింగ్‌లో అంకె ఒక్కటే చూడకండి, పక్కన ఓట్లు ఎన్నో చూడండి. మొదటి రోజు అన్నీ పైనే ఉంటాయి. మొదటి రోజు, నాలుగో రోజు, పదో రోజు అంకెలు వరుసగా రాసుకుంటే అది దిగుతున్న వేగం తెలుస్తుంది. కొన్ని సినిమాలకు కోర్టు ఉత్తర్వులతో రేటింగులు ఆపేయడం కూడా జరుగుతోంది. అంకె కనిపించకపోతే దానికి వేరే అర్థాలు తియ్యకండి.

ఎక్స్‌లో, ఇన్‌స్టాలో పడే పొగడ్తలకు ఒక చిన్న పరీక్ష ఉంది. పొద్దున 9 గంటల షో, రెండున్నర గంటల సినిమా, ఇంటర్వెల్, ప్రకటనలు కలిపితే జనం బయటపడేది సుమారు 12కు. 10:30కే "క్లైమాక్స్‌లో ఏడిపించేశాడు" అని పోస్టు పడితే అతను సినిమా చూసి రాయలేదు. విదేశాల్లో ముందు రోజు రాత్రి ప్రీమియర్లు ఉన్నాయేమో ఒక్కసారి చూసుకుని ఆ పోస్టును కొట్టెయ్యండి. ఒకే వాక్యం, ఒకే అక్షర దోషంతో పది ఖాతాల్లో కనిపిస్తే అదీ అంతే.

వసూళ్లలో టాక్ చదవడం

హిందీలో లెక్క నెట్‌లో చెబుతారు, మన దగ్గర షేర్‌లో. ముందు రెండూ కలపకుండా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్‌కు జీఎస్‌టీ 5 శాతం, పైదానికి 18 శాతం. 250 రూపాయల టికెట్‌లో ఆ పన్ను పోగా మిగిలే నెట్ సుమారు 212. అందులో ఎగ్జిబిటర్, అంటే హాలు నడిపేవాళ్ల వాటా పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్.

చూడాల్సిన అంకె ఒక్కటే: మొదటి పనిరోజు వసూలు మొదటి రోజులో ఎన్నో వంతు. ట్రేడ్‌లో వాడుకగా చెప్పుకునేది, సగానికి పైన నిలిస్తే ఫర్వాలేదు, ముప్పావు వంతు దాటితే టాక్ బలంగా ఉంది, 40 శాతం కిందికి పోతే సినిమా అయిపోయినట్టే. ముంజ్యా పెద్ద స్టార్ లేకుండా సుమారు 4 కోట్లతో మొదలైంది. మొదటి సోమవారం కూడా దాదాపు అంతే వచ్చింది. ఆ సోమవారం చూసినవాళ్లకు ఆ సినిమా 100 కోట్లు దాటినప్పుడు ఆశ్చర్యం కలగలేదు.

సోమవారం అన్న మాటను గుడ్డిగా పట్టుకోకండి. స్త్రీ 2 విడుదలైంది 2024 ఆగస్టు 15, గురువారం. 14 రాత్రి ప్రివ్యూల డబ్బు కూడా మొదటి లెక్కలో కలిసింది. మొదటి సోమవారం, 19న, రాఖీ పండగ. దానికి అసలు పరీక్ష మంగళవారమే. థామా దీపావళి సెలవుల మధ్య మంగళవారం, అక్టోబర్ 21న వచ్చింది. గురువారం భాయీ దూజ్ దాకా ఉత్తరాదిలో పండగ వాతావరణమే, శుక్రవారం నుంచి మామూలు రోజులు. ఇలాంటి సినిమాకు మొదటి రోజుతో పోల్చడం అన్యాయం, రెండో సోమవారాన్ని మొదటి మామూలు శుక్రవారంతో పోల్చండి.

టికెట్ ఆఫర్లూ ఇలాగే మోసం చేస్తాయి. 2024 సెప్టెంబర్ 20న జాతీయ సినిమా దినోత్సవమని 99 రూపాయల టికెట్లు పెట్టారు. ఆరో వారంలో ఉన్న స్త్రీ 2 వసూలు ఆ రోజు పైకి లేచింది. మంగళవారాల్లో చౌక టికెట్లు పెట్టే మల్టీప్లెక్స్‌లలో మంగళవారం సోమవారాన్ని దాటడం మామూలే. ఒకటి కొంటే ఒకటి ఉచితం నడిచిన రోజును లెక్కలోంచి తీసెయ్యండి.

ఆక్యుపెన్సీ శాతం, అంటే నిండిన సీట్ల శాతం చూసేటప్పుడు షోల సంఖ్య పక్కనే పెట్టుకోండి. షోలు సగం తగ్గిస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. ఒకే రోజులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఎలా కదిలిందో కూడా చూడాలి. దెయ్యం సినిమాకు రాత్రి ఆటలు నిండటం ఆనవాయితీ, కాబట్టి అది గొప్ప కాదు. ఆదివారం మధ్యాహ్నం నిండితే కుటుంబాలు నమ్మినట్టు. ప్రేమకథ పండిందనడానికి వసూళ్లలో దొరికే దగ్గరి ఆధారం అదే.

డబ్బింగ్ వెర్షన్ చూస్తుంటే

హిందీ, తెలుగు షోల నోట్సు విడి కాగితాల మీద రాయండి. హిందీ హారర్ కామెడీలో నవ్వు చాలావరకు బుందేలీ యాసలోనో, ముంబై మాటల్లోనో ఉంటుంది. డబ్బింగ్‌లో ఆ న1లు సగం రాలిపోతాయి. భయం, ప్రేమ మాత్రం భాష దాటి వస్తాయి. హిందీ షోలో బాగా నవ్విన సినిమా తెలుగులో నవ్వులు పోయినా ప్రేమ సీన్ల దగ్గర అడ్డగీతలు అలాగే ఉంటే ఆ హక్కులు కొనొచ్చు. అడ్డగీతలు కూడా పోతే హిందీ వసూళ్లు ఎన్ని కోట్లున్నా జాగ్రత్త పడండి.

థియేటర్ టాక్‌తో ఫైలు మూసెయ్యకండి. జాతీయ మల్టీప్లెక్స్ గొలుసులు హిందీ సినిమాకు ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీ అని పట్టుబడతాయి కాబట్టి రెండో విడత స్పందన రెండు నెలలకు మొదలవుతుంది. అప్పుడు ముక్కలుగా తిరిగే రీల్స్‌లో భయపెట్టే సీన్లు ఎన్ని, జంట సీన్లు ఎన్ని అని ఒక వారం లెక్కపెట్టి, ఆ సీన్ల పక్కన మీ పాత కాగితం మీది నిమిషాలు రాయండి.